కొత్త రాజ్యాంగానికి ఆమోదం ఎక్కడ తీసుకోవాలి: ఊరి సభలోనా, ప్రతినిధుల సభలోనా, బ్యాలెట్ పెట్టెలోనా?

1788 మార్చి 24న రోడ్ ఐలండ్‌లో ఊరూరా సభలు పెట్టారు. అంతకు ఆరు నెలల ముందు ఫిలడెల్ఫియాలో రాసిన అమెరికా రాజ్యాంగం కావాలా, వద్దా అని ఓటు హక్కున్న వాళ్లను నేరుగా అడిగారు. మిగతా 12 రాష్ట్రాలూ ప్రతినిధుల్ని ఎన్నుకుని వాళ్లకు అప్పగించాయి. ఈ చిన్న రాష్ట్రం ఒక్కటే ఇలా ఊరి సభలకు వెళ్లింది. కావాలన్నవాళ్లు 237 మంది. వద్దన్నవాళ్లు 2,700 పైచిలుకు.

అంకెలు చూస్తే ఇక అడగాల్సింది ఏమీ లేదనిపిస్తుంది. కానీ ప్రావిడెన్స్ అంత పెద్ద రేవు పట్టణంలో ఆ రోజు పడింది ఒకే ఒక్క ఓటు, అదీ వద్దని. న్యూపోర్ట్‌లో పడినవి పదకొండు. రాజ్యాంగాన్ని కోరుకున్న వర్తకులు అడిగిన పద్ధతే తప్పని ఓటింగ్‌కు రాలేదు. రెండేళ్ల తర్వాత, 1790 మే 29న, అదే రాష్ట్రంలో ఎన్నికైన ప్రతినిధుల సభ అదే రాజ్యాంగాన్ని 34–32 తేడాతో ఆమోదించింది.

ఈ రెండింటిలో రోడ్ ఐలండ్ ప్రజల మాట ఏది? ఈ ప్రశ్న దగ్గర ఎటూ తేల్చుకోలేక ఆగిపోయే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మీరు గ్రూప్-1కు చదువుతూ ఉండొచ్చు, సంఘానికి బైలాస్ రాసే కమిటీలో ఉండొచ్చు, లేదా మసాచుసెట్స్‌లో ఇల్లు కొనుక్కుని మొదటిసారి టౌన్ మీటింగ్ (ఊరివాళ్లు కూడి ఓటేసే సభ) నోటీసు అందుకుని ఉండొచ్చు. ఎవరికైనా ఎంపిక చేసుకోవాల్సిన దారులు ఇవే నాలుగు: ఊరి సభలో నేరుగా ఓటు, ఎన్నికైన ప్రతినిధుల సభ, దేశమంతా ఒకే రోజు రహస్య బ్యాలెట్, లేదా రాసిన సభే ఆమోదించడం.

## ముందు ఏం చూసుకోవాలి

"ప్రజల్ని అడిగారా లేదా" అన్న ఒక్క ప్రశ్నతో చాలామంది సరిపెట్టుకుంటారు. నా దృష్టిలో అది చాలదు. నేను ముందుగా చూసేది, ఓటు వేసే మనిషికి తనలా ఆలోచించని వాళ్ల మాట వినే వీలుందా, విన్నాక మనసు మార్చుకునే వీలుందా అన్నది. అన్నిటికన్నా దీనికే ఎక్కువ బరువు ఇస్తాను.

రెండోది, ఆ మనిషి చెప్పిన అభ్యంతరం తిరిగి ముసాయిదా దాకా చేరి ఒక వాక్యాన్నైనా మార్చగలదా? "మొత్తం తీసుకో, లేదా మొత్తం వదిలెయ్" అంటే అది అడిగినట్టు కాదు.

మూడోది ఒత్తిడి. అప్పు ఇచ్చినవాడు, పొలం కౌలుకిచ్చినవాడు పక్క బెంచీ మీద కూర్చుంటే చెయ్యి ఎంత ధైర్యంగా లేస్తుంది? నాలుగోది, ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, ఎవరిని తీసుకోలేదు. చివరగా, లెక్కపెట్టే పద్ధతి ముందే చెప్పారా అన్నది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ గొడవలు ఎక్కువగా ఇక్కడే పుట్టాయి.

## మొదటి దారి: ఊరి సభలో నేరుగా ఓటు

ఈ పద్ధతి ఎంత బాగా నడవగలదో తెలుసుకోవాలంటే మసాచుసెట్స్ కథ చూడాలి. అది దేశ రాజ్యాంగం కాదు, రాష్ట్రానిది. కానీ తర్వాత వచ్చిన వాళ్లందరికీ నమూనా అయింది.

1776లోనే కాంకర్డ్ ఊరి సభ ఒక గట్టి మాట అంది. చట్టాలు చేసే సభే రాజ్యాంగం కూడా రాస్తే, రేపు ఆ సభే దాన్ని మార్చేసుకుంటుంది, కాబట్టి రాయడానికి వేరే సభ ఉండాలి అని. ఆ మాట పట్టించుకోకుండా శాసనసభే ఒక ముసాయిదా రాసి 1778లో ఊళ్లకు పంపింది. ఊళ్లు దాన్ని సుమారు ఒకరికి ఐదుగురు చొప్పున తిప్పికొట్టాయి. హక్కుల ప్రకటన లేదన్నది పెద్ద అభ్యంతరాల్లో ఒకటి.

1779 సెప్టెంబరులో కేంబ్రిడ్జ్‌లో దీనికోసమే ఎన్నికైన సభ కూర్చుంది. ముసాయిదాలో ఎక్కువ భాగం జాన్ ఆడమ్స్ రాశారు. 1780 మార్చిలో దాన్ని ఊళ్లకు పంపి, "ప్రతి క్లాజు మీదా ఓటు వేయండి, వద్దంటే ఎందుకు వద్దో రాసి పంపండి" అన్నారు. మామూలు ఎన్నికల్లో ఆస్తి ఉంటేనే ఓటు. ఈ ఒక్కసారికి మాత్రం 21 ఏళ్లు నిండిన స్వేచ్ఛాపౌరులైన మగవాళ్లందరికీ ఓటిచ్చారు. రైతులు, కమ్మరులు, పాస్టర్లు చర్చి హాళ్లలో కూర్చుని క్లాజు క్లాజుకూ వాదించుకున్నారు. మతం కోసం పన్ను వసూలు చేయవచ్చన్న మూడో అధికరణం మీద అన్నిటికంటే పెద్ద గొడవ జరిగింది. ఆ ఊళ్లు రాసి పంపిన కాగితాలు రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఊరి సభ గొప్పతనం నాకు ఆ కాగితాల్లో కనిపిస్తుంది. అవును, కాదు అన్న అంకెల కన్నా "ఈ మాట ఇలా మార్చండి" అన్న రాతలే ఎక్కువ విలువైనవి.

కానీ లెక్క దగ్గర చిక్కొచ్చింది. ప్రతి క్లాజుకూ మూడింట రెండు వంతుల మద్దతు కావాలన్నారు. కొన్ని ఊళ్లేమో "ఈ మార్పు చేస్తే సరే" అని రాశాయి. దాన్ని అవునులో కలపాలా, కాదులోనా? సభ జూన్‌లో కూర్చుని అన్నిటికీ కావలసిన మెజారిటీ వచ్చిందని ప్రకటించింది. ఆ లెక్క నిజంగా కుదిరిందా అని చరిత్రకారులు ఈ రోజుకీ అనుమానపడుతూనే ఉన్నారు. ఆ రాజ్యాంగం మాత్రం సవరణలతో నేటికీ అమల్లో ఉంది.

ఇక్కడ ఒకరిని తలుచుకోకుండా ముందుకు పోలేను. ఆ సభల్లో ఏ ఆడమనిషికీ ఓటు లేదు, బానిసలకు అసలే లేదు. ఎలిజబెత్ ఫ్రీమన్ ఈ రెండు విధాలుగానూ బయటే ఉన్న మనిషి. మనుషులంతా స్వేచ్ఛగా, సమానంగా పుట్టారన్న ఆ రాజ్యాంగపు మాటనే పట్టుకుని 1781లో కోర్టుకెళ్లి తన స్వేచ్ఛ గెలుచుకుంది. ఆమెలాంటివాళ్లను అడగకుండా రాసిన మాటే వాళ్లకు అక్కరకొచ్చింది. అలాగని వాళ్లను అడగకపోవడం ఒప్పు అయిపోదు.

రోడ్ ఐలండ్‌లో ఇదే ఊరి సభ ఎందుకు బెడిసికొట్టింది? క్లాజు వారీ చర్చ లేదు, మార్పులు అడిగే వీలు లేదు. అవును లేదా కాదు, అంతే. ఎవరు ఎటన్నారో పేరు పేరునా నమోదు చేశారు. అప్పట్లో ఆ రాష్ట్రంలో కాగితం డబ్బు మీద పల్లెలకూ రేవు పట్టణాలకూ పెద్ద తగాదా నడుస్తోంది. అప్పుల్లో ఉన్న రైతుకు కాగితం డబ్బు ఊపిరి. కొత్త రాజ్యాంగమేమో రాష్ట్రాలు అలాంటి డబ్బు వేయకూడదంటుంది. రైతు తన ఊళ్లో, తనలాంటి రైతుల మధ్య కూర్చుని ఓటేశాడు. వర్తకుడి భయం ఏమిటో అతనికి వినిపించలేదు, అతని భయం వర్తకుడికీ వినిపించలేదు. ఒక ఊరి గోడల లోపల ఎంత బాగా వాదించుకున్నా, పక్క ఊరి మాట ఆ గోడ దాటి రాదు. ఊరి సభకున్న అసలు లోటు ఇదే.

1793లో ఫ్రాన్స్ కూడా కొత్త రాజ్యాంగాన్ని స్థానిక సభల్లో ఓటుకు పెట్టింది. అవును అన్నవాళ్లు 18 లక్షలకు పైగా, కాదన్నవాళ్లు సుమారు 11,600. చాలాచోట్ల ఓటు నోటితో చెప్పించారు. అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో పదిమంది ముందు లేచి "వద్దు" అనడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అంత మెజారిటీ వచ్చిన ఆ రాజ్యాంగం ఒక్క రోజు కూడా అమలు కాలేదు. అక్టోబరులో దాన్ని పక్కన పెట్టేశారు.

స్విట్జర్లాండ్‌ది ఇంకో రకం. 1848 రాజ్యాంగానికి ప్రతి కాంటన్ (అక్కడి రాష్ట్రం) తనకు నచ్చిన పద్ధతిలో ఓటు పెట్టుకుంది. కొన్నిచోట్ల మైదానంలో నిలబడి చేతులెత్తారు. లూసర్న్‌లో ఓటుకు రానివాళ్లను కూడా "అవును" కింద జమ కట్టారు. లెక్క పద్ధతి ముందే, అందరికీ ఒకేలా ఉండాలని నేను పట్టుబట్టడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

## రెండో దారి: ఎన్నికైన ప్రతినిధుల సభ

అమెరికా రాజ్యాంగం ఏడో అధికరణమే ఈ దారి చెప్పింది. తొమ్మిది రాష్ట్రాల ప్రతినిధుల సభలు ఒప్పుకుంటే చాలు. న్యూ ఇంగ్లండ్‌లో (మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో) ఆ ప్రతినిధుల్ని ఎన్నుకున్నది మళ్లీ ఊరి సభలే.

1788 జనవరిలో బోస్టన్‌లో మసాచుసెట్స్ సభ మొదలైనప్పుడు వ్యతిరేకులే ఎక్కువమంది అని అందరికీ తెలుసు. నెల రోజులు వాదించుకున్నారు. రాష్ట్రం పడమటి కొసన ఉన్న లేన్స్‌బరో నుంచి వచ్చిన జోనథన్ స్మిత్ అనే రైతు లేచి, తాను నాగలి పట్టి బతికేవాణ్ణని చెప్పి, కిందటి ఏడు అప్పుల పాలైన రైతులు చేసిన తిరుగుబాటులో తమ ఊళ్లు పడ్డ భయం వివరించాడు. కలిసి చదును చేసుకున్న పొలాన్ని, కంచె ఎలా వేయాలో కుదరలేదని బీడు పెట్టుకుంటామా అని తోటి రైతుల్నే అడిగాడు. యార్క్ నుంచి వ్యతిరేకిగా వచ్చిన నథానియల్ బారెల్ చివరికి అనుకూలంగా ఓటేశాడు. సవరణలు సిఫార్సు చేస్తూ 187–168తో ఆమోదించారు. ఓడినవాళ్లలో కొందరు లేచి, ఊరికెళ్లి దీన్ని సమర్థిస్తామని సభలోనే చెప్పారు. ఊరి సభ ఇవ్వలేనిది ఇదే. లేన్స్‌బరో రైతు మాట బోస్టన్ వర్తకుడి చెవిన పడింది.

అయితే బారెల్‌ను పంపిన ఊరి సంగతేమిటి? వాళ్లు వద్దంటారని పంపితే అతను అవునన్నాడు. మనసు మార్చుకునే స్వేచ్ఛ ఇచ్చాక ఊరికి ఆ రిస్క్ ఎప్పుడూ ఉంటుంది.

న్యూ హాంప్‌షైర్ దీనికి ఒక మంచి ఉపాయం చూపించింది. ఫిబ్రవరిలో ఎక్సిటర్‌లో సభ కూర్చుంటే, చాలామంది ప్రతినిధులకు వాళ్ల ఊళ్లు "వద్దనే ఓటెయ్యాలి" అని ముందే కట్టుబాటు పెట్టి పంపాయి. వాదన విని కొందరి మనసు మారినా చేతులు కట్టేసి ఉన్నాయి. అనుకూలురు ఓటింగ్ పెట్టకుండా సభను వాయిదా వేయించారు. ప్రతినిధులు ఊళ్లకెళ్లి, విన్నది చెప్పి, జూన్‌లో కాంకర్డ్‌లో మళ్లీ కూర్చున్నారు. ఈ కాంకర్డ్ ఆ రాష్ట్రంలోదే. జూన్ 21న 57–47తో ఆమోదించారు. తొమ్మిదో రాష్ట్రం అదే, రాజ్యాంగం నిలిచిందీ ఆ రోజే. అది అనుకూలురు ఓటమి తప్పించుకోవడానికి వేసిన ఎత్తు అన్నది నిజమే. అయినా మధ్యలో విరామం ఇచ్చి ప్రతినిధిని ఊరికి పంపడం మంచి పద్ధతే అని నా నమ్మకం.

## మూడో దారి: ఒకే రోజు రహస్య బ్యాలెట్

ఒత్తిడి విషయంలో దీన్ని మించింది లేదు. ఆడ, మగ, పేద, ధనిక అందరికీ ఒకటే ఓటు, ఎవరు ఎటేశారో ఎవరికీ తెలియదు. కానీ చిలీలో ఏమైందో చూడండి. ఎన్నికైన సభ ఏడాది శ్రమపడి 388 అధికరణాల ముసాయిదా రాస్తే, 2022 సెప్టెంబరు 4న సుమారు 62 శాతం మంది వద్దన్నారు. మరో సభ మరో ముసాయిదా రాస్తే 2023 డిసెంబరులో అదీ ఓడిపోయింది. 388 అధికరణాల్లో పది నచ్చనివాడూ, అన్నీ నచ్చనివాడూ ఒకే గీత గీయాలి. ఎందుకు వద్దన్నారో బ్యాలెట్ పేపరు చెప్పదు. ముసాయిదా రాసేవాళ్లకు తర్వాతేం మార్చాలో తెలియక చీకట్లో తడుముకోవాల్సిందే.

## నాలుగో దారి: రాసిన సభే ఆమోదించడం

మన దేశం ఎంచుకున్నది ఇదే. 1948 ఫిబ్రవరిలో ముసాయిదా ప్రచురించి అభిప్రాయాలు అడిగారు. సభ్యులు 7,635 సవరణలు ఇస్తే 2,473 చర్చకొచ్చాయి. 1949 నవంబరు 26న సభే ఆమోదించింది. రెఫరెండం లేదు. ముసాయిదా కమిటీలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, సభలో ప్రకాశం పంతులు, పట్టాభి సీతారామయ్య, దుర్గాబాయి, ఎన్.జి.రంగా లాంటి వాళ్లు మద్రాసు రాష్ట్రం తరఫున ఉన్నారు. వాళ్లను ఎన్నుకున్నది ప్రజలు కాదు, ఆస్తి, చదువు ఉన్నవాళ్ల ఓట్లతో గెలిచిన రాష్ట్ర శాసనసభ్యులు.

తెలంగాణ సంగతి ఇంకా వేరు. హైదరాబాద్ సంస్థానం నుంచి ఆ సభలో ఒక్క ప్రతినిధీ లేరు. 1949 నవంబరు 23న నిజాం ఇచ్చిన ఫర్మానాతోనే అక్కడ భారత రాజ్యాంగానికి అంగీకారం కుదిరింది. అంటే కోస్తా, రాయలసీమ తెలుగువాళ్ల మాట పరోక్షంగానైనా ఆ గదిలో వినిపించింది, తెలంగాణ తెలుగువాళ్ల మాట అదీ లేదు. పాఠం (అంటే రాసిన మాటల) నాణ్యతలో ఈ దారికి మంచి మార్కులు ఇస్తాను. దేశ విభజన, ఆకలి, అతి తక్కువ అక్షరాస్యత ఉన్న రోజుల్లో ఊరూరా ఓటు పెట్టడం ఎంత కష్టమో కూడా తెలుసు. కానీ ఎవరి మాట లెక్కకొచ్చింది అన్న దగ్గర లోటు లోటే.

## ఒక్క చూపులో

| దారి | వేరే ఊరి మాట వినిపిస్తుందా | పాఠం మారే వీలు | ఒత్తిడి | ఎక్కడ జాగ్రత్త |
|---|---|---|---|---|
| ఊరి సభ ఓటు | దాదాపు లేదు | క్లాజు వారీగా అడిగితే చాలా ఎక్కువ | ఎక్కువ | షరతుతో కూడిన అవునును లెక్కపెట్టడం |
| ప్రతినిధుల సభ | బాగా | సిఫార్సుల దాకా | మధ్యస్థం | ఊరు పెట్టిన కట్టుబాటు |
| రహస్య బ్యాలెట్ | ప్రచారం మీద ఆధారం | లేదు | తక్కువ | ఓడితే కారణం తెలియదు |
| రాసిన సభే ఆమోదం | సభ కూర్పును బట్టి | అన్నిటికన్నా ఎక్కువ | ప్రజల మీద లేదు | సభలో లేనివాళ్లు |

## మీకు ఏది సరిపోతుంది

పరీక్షకు చదివేవాళ్లు. రెఫరెండం లేకుండా భారత రాజ్యాంగం ఆమోదం సరైనదేనా అని అడిగితే, ఒక పక్షం పట్టుకుని ఊగిపోకండి. పైన చెప్పిన ఐదు విషయాల మీద తూచి, హైదరాబాద్ సంగతి తప్పకుండా రాయండి. చాలా జవాబుల్లో అది కనిపించదు.

సంఘం బైలాస్ రాసేవాళ్లు. రెండు వందల ఇళ్ల అపార్ట్‌మెంటైనా, విదేశంలో తెలుగు సంఘమైనా, మీకు ఊరి సభే మంచిది. అందరూ ఒకే హాల్లో పడతారు కాబట్టి "పక్క ఊరి మాట" అన్న లోటు మీకు లేదు. క్లాజు వారీగా చర్చ, చివరి ఓటు మాత్రం చీటీ మీద. ఎదురుగా కూర్చున్న ప్రెసిడెంటుగారి మొహం చూస్తూ చెయ్యి ఎత్తమనకండి. రోజూ లిఫ్టులో కలిసే మనుషులకు అది అనవసరమైన టెన్షన్.

న్యూ ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు. మీ ఊరిది ఏ రకమో ముందు తెలుసుకోండి. మసాచుసెట్స్‌లోని వెస్ట్‌బరోలో ఓటరుగా నమోదైన ఎవరైనా వెళ్లి మాట్లాడి ఓటెయ్యొచ్చు. పక్కనే ఉన్న ష్రూస్‌బరీలో ఎన్నికైన టౌన్ మీటింగ్ సభ్యులే ఓటేస్తారు. పౌరసత్వం రానివాళ్లు ఓటు లేకున్నా వెళ్లి కూర్చోవచ్చు. నేను మొదటిసారి అలాగే వెళ్లాను. హైస్కూల్ ఆడిటోరియంలో ఓటర్లు కానివాళ్లకు వేసిన వరసలో కూర్చుని, స్కూల్ బస్సు బడ్జెట్ మీద ఒక పెద్దాయన పది నిమిషాలు మాట్లాడితే, దానికి అవతలివైపు వాళ్లు ఓపిగ్గా సమాధానం చెప్పడం చూశాను. 1780 కాగితాల్లో చదివింది అక్కడ కళ్లముందు కనిపించింది.

ఒక ఊరు మాత్రమే మోసే భారం తేల్చేవాళ్లు. ఇక్కడ సందేహమే అక్కర్లేదు, ఊరి సభే. మన పార్వతీపురానికి ఎగువన, ఒడిశా నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం మీద సుప్రీంకోర్టు 2013లో గ్రామసభల్ని అడగమంది. పన్నెండు గ్రామసభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. అది వాళ్ల కొండ, వాళ్ల దైవం. దేశ రాజ్యాంగం అలా కాదు, అందులో ప్రతి క్లాజూ ఇంకో ఊరివాడి బతుకును కూడా ముట్టుకుంటుంది.

దేశ రాజ్యాంగం గురించే ఆలోచించేవాళ్లు. ఒకే దారి ఎంచుకోకండి, వరస పెట్టండి. ముసాయిదా అచ్చువేసి ఊళ్లకు పంపి, ఊరి సభల్లో చదివించి, అభ్యంతరాలు రాయించండి. అప్పుడే ఓటు వద్దు. ఆ కాగితాలన్నీ ప్రతినిధుల సభకు చేరాలి, ప్రతినిధుల చేతులు కట్టి పంపకూడదు, సభ మధ్యలో ఒకసారి ఊరికెళ్లి రావాలి. సవరించిన పాఠాన్ని చివరికి రహస్య బ్యాలెట్‌కు పెట్టాలి. దీనికి టైమ్ పడుతుందంటారు. మసాచుసెట్స్‌లో ముసాయిదా మొదలుపెట్టిన దగ్గర నుంచి ఆమోదం ప్రకటించే దాకా పట్టింది తొమ్మిది నెలల పైచిలుకే, అదీ యుద్ధం నడుస్తుండగా.

ఒకవేళ ఊరి సభలోనే చివరి ఓటు పెట్టక తప్పని పరిస్థితి వస్తే, కనీసం ఇవి చూసుకోండి. పాఠం నెల ముందే చేతికందాలి. షరతుతో అవునన్న ఓట్లకు వేరే గడి ఉండాలి, దాన్ని ఎలా కలుపుతారో సభ మొదట్లోనే చదివి వినిపించాలి. ఓటు చీటీ మీద వేయాలి, పేర్లు రాయకూడదు. రానివాళ్లను ఏ లెక్కలోనూ కలపకూడదు. ఇంకొకటి, ప్రతి సభలోనూ వేరే ఊరి నుంచి ఇద్దరిని పిలిచి మాట్లాడించాలి. ఒకరు పక్క పల్లె రైతు అయితే ఇంకొకరు రేవు పట్టణం నుంచి వచ్చినవాళ్లు కావాలి. వాళ్లకు ఓటు ఉండదు, పావుగంట టైమ్ ఉంటుంది, ఊరివాళ్లు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పి బయటికెళ్లాకే చీటీలు పంచాలి.